కలకనీళ్ళు తేరిన కథ



తొలకరి వానకు చెరువులోకి కొత్తనీళ్ళు దిగిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి, ఇటు హిందూపురం వైపు మన నేల చాలావరకు ఎర్రమన్ను. గుట్టల మీద పడిన వాన ఆ మన్నును కడుక్కుంటూ వంకల్లో పడి, చెరువు చేరేసరికి టీ రంగుకు తిరుగుతుంది. ఆ నీళ్ళను కడవలో పట్టి ఉంచితే ఇసుక, గరుకుమన్ను కాసేపటికే అడుగుకు చేరతాయి. కాని ఎరుపు పోదు. తెల్లవారి చూసినా అదే ఎరుపు, మర్నాడూ అంతే. కొళాయిలు, బోర్లు రాకముందు మన పల్లెల ఇల్లాళ్ళు ఏటా వానకాలమంతా పడిన పాటు ఇది. ఆ ఎరుపును నీళ్ళ నుంచి విడదీయడానికి మన పెద్దలు ఏమేం చేశారు, లోకంలో ఎవరెవరు ఏమేం కనిపెట్టారు, అవన్నీ చివరకు మనల్ని ఎక్కడికి తెచ్చాయి అన్నది ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క వినండి. మిల్లీమీటరులో పదో వంతున్న ఇసుక రేణువు అడుగు లోతు నీళ్ళలో పైనుంచి కిందికి దిగడానికి అర నిమిషం పైచిలుకు పడుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతున్న బంకమన్ను రేణువుకు అదే లోతు దిగడానికి దాదాపు 4 రోజులు కావాలి. అందులో మళ్ళీ పదో వంతున్న రేణువుకైతే ఏడాది దాటుతుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రం ప్రకారం వేసిన లెక్క ఇది. నిజానికి అంత చిన్న రేణువులు ఏడాదికి కూడా దిగవు. నీటి అణువులు నాలుగు వైపుల నుంచీ వాటిని తోస్తూనే ఉంటాయి. పగటి వేడికి, రాత్రి చలికి కడవలో పుట్టే కొద్దిపాటి కదలికే వాటిని మళ్ళీ పైకి తెచ్చేస్తుంది.

ఇలాంటి పదార్థాలకు 1861లో థామస్ గ్రాహం అనే స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు కొల్లాయిడ్లు అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో కొల్ల అంటే జిగురు. మన తెలుగు శాస్త్రగ్రంథాల్లో దీన్ని కాంజికాభం అని కూడా అన్నారు, అంటే గంజిలాంటిది అని. గంజి తాగి పెరిగిన మనకు ఆ పేరే బాగా తెలుస్తుంది. గంజి కూడా ఎంతసేపు ఉంచినా పూర్తిగా తేటపడదు కదా! ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడవచ్చు. గాజు గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, చీకటిగదిలో పక్కనుంచి టార్చిలైటు వేస్తే వెలుగు దారి దాదాపు కనిపించదు. అదే నీళ్ళలో నాలుగు చుక్కలు పాలు కలిపితే వెలుగు చార స్పష్టంగా కనిపిస్తుంది. కరిగిపోయిన ఉప్పుకూ, కరగకుండా తేలాడే రేణువుకూ ఉన్న తేడా అది. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, చివర్లో దీనితో మనకు చాలా పని ఉంది.

ఆ రేణువులు ఒకదానితో ఒకటి కలిసి ముద్దలైతే బరువెక్కి అడుగుకు దిగిపోతాయి. కాని కలవవు. బంకమన్ను రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాబట్టి కలకనీళ్ళను తేర్చే ఉపాయాలు స్థూలంగా రెండు తీర్ల ఉంటాయి. రేణువులను ఎలాగో ఒకటిగా చేర్చడం ఒకటి, వాటిని పట్టుకునే దేనిగుండానైనా నీళ్ళను పంపడం ఇంకొకటి. కవ్వంతో చిలికినట్టు యంత్రంలో గిరగిర తిప్పి విడదీసే పద్ధతి కూడా ఉంది. 1878 నాటి లావల్ మీగడ యంత్రం అలాంటిదే. కాని అది పాలడెయిరీ సంగతి, చెరువునీళ్ళకు పనికొచ్చేది కాదు.

మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఉపాయం గుడ్డలో వడగట్టడం. పాతచీర మడత పెట్టి బిందె మూతికి కట్టడం మీరూ చూసే ఉంటారు. ఎర్రమన్ను రేణువును గుడ్డ పట్టలేదు. చీర నేతలోని సందు దానికి కోటగుమ్మమంత! అయినా గుడ్డను తక్కువ చేయడానికి వీల్లేదు. దిగుడుబావుల నీళ్ళతో వచ్చే నారికురుపును దేశం నుంచి తరిమిన ఆయుధాల్లో గుడ్డ ఒకటి. ఆ పురుగు పిల్లను మోసే నీటిపురుగు గుడ్డలో చిక్కుతుంది. భారతదేశంలో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000వ సంవత్సరంలో ధ్రువీకరించింది.

ఎరుపును నిజంగా పట్టింది చిల్లగింజ. ఇండుపగింజ అని కూడా అంటారు, సంస్కృతంలో కతకం. కన్నడంలోనూ చిల్ల అనే మాటే ఉంది కనుక మన సరిహద్దు ఊళ్ళలో దీనికి రెండు భాషల్లోనూ ఒకటే పేరు. మెట్ట అడవుల్లో పెరిగే చెట్టు. గింజను మట్టికడవ లోపలి అంచుకేసి రుద్దడమో, గరుకురాయి మీద అరగదీసి ఆ గంధాన్ని నీళ్ళలో కలపడమో చేసేవారు. కాసేపటికి నీళ్ళలో దూదిపింజల్లాంటివి కట్టి మెల్లగా దిగేవి. పైన తేటనీళ్ళు, అడుగున మడ్డి. సుశ్రుత సంహితలో కలకనీళ్ళను తేర్చే వస్తువులు ఏడు చెప్పారు. కతక ఫలం, గోమేదికం, తామరదుంప, నాచువేరు, గుడ్డ, ముత్యం, మణి. ముత్యాలు వేసి నీళ్ళు తేర్చుకున్న ఇల్లు మన తాలూకాల్లో ఉండి ఉండదనుకోండి, కాని జాబితాలో మొదట నిలబడింది చిల్లగింజే. మనుస్మృతిలోనూ, శంకరాచార్యుల ఆత్మబోధలోనూ ఈ గింజ ఉపమానంగా వస్తుంది. వినేవాళ్ళకు ఇంట్లో రోజూ కనిపించే వస్తువు కాకపోతే దాన్ని ఉపమానంగా ఎవరు వాడతారు?

ఆ గింజలో ఉన్న పనితనం ఏమిటో తరువాత తెలిసింది. అందులోని మాంసకృత్తులు, జిగురు పదార్థాలు పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. ఒక గొలుసు పది మన్నురేణువులను పట్టుకుంటుంది, ఆ పదీ ఇంకొన్నింటిని. మునగగింజకూ ఈ గుణం ఉంది. సూడాను దేశపు పల్లెల్లో నైలు నది బురదనీళ్ళను ఆడవాళ్ళు మునగగింజల పొడితో తేర్చుకునే పద్ధతిని 1970ల నుంచి శాస్త్రజ్ఞులు పరిశీలించి రాశారు. మన పెరటి మునగ ఆ పని కూడా చేయగలదన్నమాట! బెల్లం వండే చోట బెండకాండం దంచి తీసిన జిగురును మరిగే చెరుకురసంలో పోయడం చూసినవాళ్ళు ఉంటారు. రసంలోని మురికి నురుగై పైకి తేలితే గరిటెతో తీసేస్తారు. అక్కడ ముద్దలు పైకి తేలతాయి, ఇక్కడ కిందికి దిగుతాయి. జిగురు చేసే పని ఒకటే.

గింజ తరువాత పటిక. సంతలో ముక్కగా దొరుకుతుంది, మంగలి పొదిలోనూ ఉంటుంది. పటిక నీళ్ళలో కరిగినప్పుడు అల్యూమినియం అయాన్లు వస్తాయి. ఒక్కో అయానుకు మూడు ధనావేశాలు. ఇది ఎందుకు ముఖ్యమో జర్మనీలో షుల్జ్ 1882లోనూ, ఇంగ్లండులో హార్డీ 1900లోనూ చేసిన ప్రయోగాల్లో తేలింది. ఒకే ఆవేశం ఉన్న సోడియం వంటి అయానుతో పోలిస్తే మూడు ఆవేశాలున్న అయాను కొన్ని వందల రెట్లు తక్కువ మోతాదులో రేణువులను ముద్ద కట్టిస్తుంది. దీనినే స్కందనం అంటారు. అందుకే సాధారణ కలకకు లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక చాలు. దానితోపాటు పుట్టే తెల్లటి అల్యూమినియం పింజలు దిగుతూ దిగుతూ దారిలో దొరికిన రేణువులన్నిటినీ వల వేసినట్టు ఈడ్చుకుపోతాయి. పటిక వేసేటప్పుడు మొదట ఒక నిమిషం గిరగిర కలపాలి, తరువాత పది పదిహేను నిమిషాలు మెల్లగా కలపాలి, ఆపైన కదపకూడదు. మెల్లగా కలపాల్సిన చోట గట్టిగా కలిపితే కట్టిన పింజలు చెదిరిపోతాయి. పటిక ఎక్కువైతే నీళ్ళు పుల్లబడి వగరెక్కడమే కాదు, రేణువులకు ఈసారి ధనావేశం వచ్చి మళ్ళీ కలకబారే ప్రమాదమూ ఉంది.

మామూలు ఉప్పు కూడా ఈ పని చేస్తుంది, అయితే చాలా ఎక్కువ కావాలి. అంత ఉప్పు సముద్రంలో ఉంది. మన నందికొండల పక్కనున్న చెన్నకేశవ కొండలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు దాటి, హిందూపురం వైపు సాగి, అనంతపురం, కడప నేలలు తడిపి, పెన్నగా 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అంతదూరం దిగకుండా తేలుతూ వచ్చిన సన్నమన్ను అక్కడ ఉప్పునీరు తగలగానే ముద్దకట్టి దిగుతుంది. నదీముఖాల దగ్గర డెల్టా నేల ఏర్పడడానికి ఇదీ ఒక కారణం. మన గుట్టల ఎర్రమన్నులో కొంత నెల్లూరు వరిమళ్ళలో ఉందంటే కల్పన అనుకోకండి.

ఇక రెండో తీరు, ఇసుక. పినాకిని ఒడ్డు ఊళ్ళవాళ్ళకు దీని గురించి చెప్పేదేముంది! ఏట్లో నీళ్ళు ఎంత ఎర్రగా ఉన్నా, ఇసుకలో మోకాటిలోతు చెలమ తోడితే కాసేపటికి ఊరే నీళ్ళు అద్దంలా ఉండేవి. కొబ్బరిచిప్పతో తోడి కడవ నింపుకునేవారు. ఎండాకాలం ఏరు ఎండినా చెలమ ఎండేది కాదు. ఇసుక సందులు మన్నురేణువుకంటే ఎన్నో రెట్లు పెద్దవి, జల్లెడ పట్టినట్టు పట్టడం అక్కడ జరగదు. రేణువులు వంకరటింకర దారుల్లో ఇసుకగింజలకు తగిలి అంటుకుపోతాయి. పైపొరలో సన్నని జీవుల జిగురు పట్టి అది క్రిములను సైతం ఆపుతుంది.

1829లో లండనులో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు థేమ్స్ నది నీళ్ళకు ఇసుక పడకలు కట్టాడు. అప్పటికి క్రిముల సంగతి ఎవరికీ తెలియదు, నీళ్ళు చూడముచ్చటగా ఉంటే చాలనుకున్నారు. ఇసుక విలువ 1892లో బయటపడింది. జర్మనీలో హాంబర్గు, ఆల్టోనా పక్కపక్క పట్టణాలు. రెండూ ఎల్బ్ నది నీళ్ళే తాగేవి. ఆల్టోనా నీళ్ళను ఇసుకలో వడపోసేది, హాంబర్గు వడపోయకుండానే ఇచ్చేది. ఆ ఏడాది కలరా వచ్చి హాంబర్గులో 8 వేల మందికి పైగా చనిపోయారు, ఆల్టోనాలో మరణాలు వందల్లోనే ఆగాయి. వీధికి అటూ ఇటూ ఇళ్ళలోనే ఆ తేడా కనిపించిందంటే ఇక వాదనకు చోటు లేకపోయింది.

మరో మూడేళ్ళకు మన జిల్లా మనిషి ఒకరు సింధు నది ఒడ్డున ఇదే చిక్కు ఎదుర్కొన్నారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో, పూర్వీకుల ఊరు ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం. బొంబాయి ప్రభుత్వ ఇంజనీరుగా ఆయనను సక్కరు పట్టణానికి మంచినీటి పని మీద పంపారు. సింధు నది నీళ్ళు ఏడాదిలో ఎక్కువకాలం బురదే. వడపోత పడకలు కట్టడానికి పురపాలక సంఘం దగ్గర డబ్బు లేదు. ఆయన నదిలోనే ఒడ్డు పక్కన గుండ్రటి బావి దించి, దాని అడుగు నుంచి నది కింది ఇసుకలోకి సొరంగం తవ్వించారు. నది ఇసుకే వడపోసి బావిలోకి నీళ్ళు పంపింది. 1895లో పని పూర్తయింది. ఈ సంగతి 1951లో వెలువడిన తన ఉద్యోగ జ్ఞాపకాల పుస్తకంలో ఆయనే రాశారు. పినాకిని చెలమ చూసి ఆయనకా ఆలోచన వచ్చిందని నేను చెప్పను, అలాగని పుస్తకంలో లేదు. కాని చెలమ ఎలా ఊరుతుందో తెలిసిన ప్రాంతపు మనిషికి ఆ బావి వింతగా తోచి ఉండదు. పెన్న, చిత్రావతి, హగరి నదుల ఇసుకలో దించిన ఇలాంటి ఊటబావులే 1990లలో అనంతపురం జిల్లా పల్లెలకు నీళ్ళిచ్చిన సత్యసాయి మంచినీటి పథకంలోనూ ఒక భాగం.

చెలమల మాట భూతకాలంలో చెబుతున్నానని మీరు గమనించే ఉంటారు. ఉత్తర పినాకిని ఇసుక లారీల మీద బెంగళూరు మేడలకు తరలిపోయింది. చాలాచోట్ల గట్టి మన్ను, బండ బయటపడి, మధ్యమధ్య గుంటలు మిగిలాయి. 2021 నవంబరు వానలకు చాలా ఏళ్ళ తరువాత ఏరు ఒడ్డులు ఒరుసుకుని పారితే జనం గుంపులుగా వెళ్ళి చూశారు. నీళ్ళు వచ్చాయి, వాటిని పట్టి ఉంచి తేర్చే ఇసుక పాతంత లేదు. ఇసుకను ఇల్లు కట్టే సరుకుగానే లెక్కవేశాం. అది నీళ్ళను నిలవచేసే కుండ, వడపోసే గుడ్డ కూడా అని ఎవరూ ధర కట్టలేదు.

అప్పటికి చెలమ అక్కర కూడా తగ్గింది, బోర్లు వచ్చాయి. చెరువునీళ్ళలా ఎరుపు లేదు, చిల్లగింజ అక్కరలేదు, పటిక అక్కరలేదు. మీట నొక్కితే అద్దంలాంటి నీళ్ళు. చెరువునీళ్ళు తాగిన తరానికి ఇంతకంటే ఏం కావాలి? తేటనీళ్ళంటే మంచినీళ్ళే అని తరతరాలుగా నమ్మిన కన్ను మనది. బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిపొరల నీళ్ళు వచ్చాయి. మన కిందున్న నల్లరాయిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వాటి నుంచి ఫ్లోరైడు నీళ్ళలో కరుగుతుంది. గ్లాసులో కలిపిన ఉప్పు సంగతి చెప్పాను కదా, ఇదీ అలాంటిదే. కరిగిపోయింది కనుక వెలుగుకు కనిపించదు, అడుగుకు దిగదు, ఇసుకలో ఆగదు, మరిగించినా పోదు. మరిగిస్తే నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు పడ్డాకే సంగతి తెలుస్తుంది. ఏళ్ళు గడిస్తే నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును గుర్తించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పినాకిని ఏ జిల్లాలో సముద్రంలో కలుస్తుందో ఆ జిల్లాలోనే!

ఫ్లోరైడును తీయడానికి మళ్ళీ పాత పటికే అక్కరకు వచ్చింది. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఒక పద్ధతి రూపొందించింది. ఫ్లోరైడు బాధకు పేరుపడ్డ తెలుగు జిల్లా మీదుగా దానికి నల్లగొండ పద్ధతి అని పేరొచ్చింది. నీళ్ళలో సున్నం, పటిక, కొద్దిగా బ్లీచింగు పొడి కలుపుతారు. పటిక కట్టే పింజల మీద ఫ్లోరైడు అంటుకుని వాటితోపాటే దిగిపోతుంది. అంటే, కలక లేని నీళ్ళలో మనమే కలక పుట్టించి, దానికి విషాన్ని పట్టించి, ఆ కలకను తేర్చడం! ఇంట్లో 40 లీటర్ల బకెట్టుకు అడుగునుంచి రెండు అంగుళాల ఎత్తున కొళాయి పెట్టి చేసుకోవచ్చు. అయితే కలకకు పదుల మిల్లీగ్రాములు చాలిన చోట దీనికి లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక కావాలి. నీళ్ళలో ఎంత ఫ్లోరైడు ఉందో తెలియకుండా మోతాదు కుదరదు. మిగిలిన మడ్డిని ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. చాలా ఊళ్ళలో ఇది నిలబడకపోవడానికి ఈ రోజువారీ చాకిరీయే కారణం అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన ఊళ్ళలో బిళ్ళ వేస్తే క్యాను నిండే శుద్ధనీటి ఘటకాలున్నాయి. వాటి లోపల ఉన్నది పొర. 1861లో గ్రాహం కొల్లాయిడ్లను ఉప్పుల నుంచి విడదీసింది తోలుకాగితం పొరతోనే. రక్తం శుద్ధిచేసే డయాలిసిస్‌కు ఆ మాట ఆయన దగ్గర నుంచే వచ్చింది. దాదాపు వందేళ్ళకు, 1960 ప్రాంతంలో, అమెరికాలో లోబ్, మన దేశంలో పుట్టిన సౌరిరాజన్ కలిసి కరిగిన ఉప్పును కూడా ఆపే పొర తయారుచేశారు. ఘటకంలో ఆ పొరకు ముందు ఇసుక సీసా, బొగ్గు సీసా, సన్నని వడపోత గొట్టం ఉంటాయి చూడండి. సన్నమన్ను వెళ్ళి పొరను మూసేయకుండా వాటి కాపలా. ఆ గొట్టాన్ని వేళకు మార్చకపోతే ఖరీదైన పొర పాడవుతుంది. మీ ఊరి ఘటకం చూసుకునే మనిషిని అది ఎప్పుడు మార్చారని అడగండి, అడగడంలో తప్పులేదు.

ఇక చెరువుల సంగతి. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి చిక్కబళ్ళాపురం జిల్లా చెరువులకు ఎత్తిపోసే హెబ్బాళ, నాగవార లోయల పథకం రోజుకు 21 కోట్ల లీటర్ల లెక్కన వేసినది. అక్కడ జరిగేది రెండో దశ శుద్ధి. 1914లో మాంచెస్టరులో ఆర్డెన్, లాకెట్ చూపిన పద్ధతికి వారసత్వం అది. గాలి ఊదితే క్రిములు ముద్దలు కట్టి మురుగులోని సన్నరేణువులను తమతో తీసుకుని దిగుతాయి. చిల్లగింజ పనిని ప్రాణులే చేస్తాయనుకోండి. ఆ నీళ్ళు తాగడానికి కాదు, భూమిలో ఇంకడానికి. కోలారు జిల్లాకు వచ్చే ఇలాంటి మరో పథకంలో 2018లో లక్ష్మీసాగర చెరువు దగ్గర నురుగు లేచింది. అప్పటి నుంచి మూడో దశ శుద్ధి కావాలని రెండు జిల్లాల ప్రజాసంఘాలు అడుగుతున్నాయి. మూడో దశ అంటే ఏమిటో ఈ పాటికి మీకు అర్థమై ఉంటుంది. మళ్ళీ పటికలాంటి మందు, మళ్ళీ ఇసుక లేదా పొర, ఆపైన క్రిములను చంపే మందు. భూమిలో ఇంకిన నీరే రేపు బోరులో వస్తుంది గనుక ఆ అడగడం న్యాయమైనదే.

ఈలోగా మీ ఇంటి బోరు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఒకసారి పరీక్షకు పంపండి. తాగేనీటి ప్రయోగశాల జిల్లా కేంద్రంలో ఉంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. నీళ్ళు పట్టేముందు బోరును ఐదు నిమిషాలు ఊరికే వదలండి. ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి నింపండి. గాజుసీసా వద్దు, ఫ్లోరైడు గాజుకు అంటుకుని లెక్క తప్పవచ్చు. సీసా మీద ఊరి పేరు, బోరు ఉన్న చోటు, దాని లోతు, పట్టిన తేదీ రాయండి. వానకు ముందు ఒకసారి, వానకాలం అయ్యాక ఒకసారి పంపితే ఇంకా మంచిది, రెండు అంకెలూ ఒకటిగా ఉండవు.